పట్టుపురుగు తరఫున ఒక ఇంగ్లీషు పాట

పాటలు దేనిమీద రాస్తారు? ప్రేమమీద రాస్తారు, వెన్నెలమీద రాస్తారు, ఎడబాటుమీద రాస్తారు. మన సినిమాల్లోనైతే చీరమీద, జడమీద, కాటుకమీద వచ్చిన పాటలకు లెక్కేలేదు. పట్టుచీర కట్టిన అమ్మాయిని పొగిడేవాళ్లే అందరూ. ఆ చీర కోసం వేడినీళ్ల పాలైన పురుగు గురించి ఎవరైనా పాట కడతారా?

కట్టారండీ. మన దగ్గర కాదు. పట్టుచీర అంటే ఏమిటో తెలియని ఇంగ్లండులో, షెఫీల్డ్ అనే ఊళ్లో, 1978లో ముగ్గురు కుర్రాళ్లు కట్టారు. వాళ్ల బృందం పేరు ‘హ్యూమన్ లీగ్’. పాట పేరు ‘బీయింగ్ బాయిల్డ్’. మన మాటల్లో చెప్పుకోవాలంటే ‘ఉడికిపోతూ’ అనుకోవచ్చు. సింథసైజర్ అనే కరెంటు వాయిద్యంతో, గిటారు, డోలు ఏవీ లేకుండా వచ్చిన తొలితరం పాప్ పాటల్లో ఇదొకటి అని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. నాకు మాత్రం సంగీతంకంటే అందులోని సంగతే మనసులో ముల్లులా దిగబడింది.

నేనుండేది గచ్చిబౌలిలో. మా అక్క కూతురు ఇక్కడే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ నా దగ్గర ఉంటోంది. ఆ పిల్లకు పాత ఇంగ్లీషు పాటలంటే సరదా. ఒకరోజు వంటింట్లో నాకు సాయం చేస్తూ ఈ పాట పెట్టింది. ఎవరో బావిలోంచి మాట్లాడుతున్నట్టు గొంతు, దానికింద ఆవిరి కొట్టినట్టు చప్పుడు. “ఇదేం పాటే, మిల్లు నడుస్తున్నట్టుంది?” అన్నాను. “పట్టుపురుగుల పాట పిన్నీ. వాటిని ఉడకబెట్టడం ఆపమని బుద్ధుడు చెబుతున్నాడట” అంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

కత్తుల ఊరిలో కరెంటు పాట

షెఫీల్డ్ పేరు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు మంచి కత్తి, మంచి కత్తెర కొంటే దానిమీద ఆ ఊరిపేరు చెక్కి ఉండేది. ఉక్కుకు పెట్టింది పేరు ఆ ఊరు. 1970ల చివరికి వచ్చేసరికి ఆ ఉక్కు పరిశ్రమ నీరసపడింది, పనిశాలలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అలా మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ గదిలోనే ఈ పాట రికార్డు చేశారు. పెద్ద స్టూడియో లేదు, ఇళ్లలో వాడుకునే టేప్ రికార్డరే సాధనం.

ముగ్గురిలో మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ అనే ఇద్దరూ కంప్యూటర్ ఆపరేటర్లు. గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు ఈ ముక్క వినగానే వాళ్లు పక్కింటి కుర్రాళ్లే అనిపిస్తారు! పగలు ఆఫీసు, రాత్రి పాట. మూడోవాడు ఫిలిప్ ఓకీ, ఆసుపత్రిలో రోగులను అటూ ఇటూ తోసుకెళ్లే పోర్టరు. అప్పటిదాకా అతను పాట పాడినవాడూ కాదు, రాసినవాడూ కాదు. వేర్‌కు బడినాటి స్నేహితుడు, అంతే. బాణీ తయారయ్యాక దాన్ని అతనిచేతిలో పెట్టి మాటలు రాయమన్నారు. అతను రాసుకొచ్చిన మాటలే ‘బీయింగ్ బాయిల్డ్’. ఎడిన్‌బరో ఊళ్లో బాబ్ లాస్ట్ నడిపే ‘ఫాస్ట్ ప్రొడక్ట్’ అనే చిన్న కంపెనీ 1978 జూన్‌లో రికార్డు వేసింది.

సింథసైజర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. వీణకు తీగ ఉంటుంది, హార్మోనియంకు గాలితిత్తి ఉంటుంది, మృదంగానికి చర్మం ఉంటుంది. దీనికి ఇవేవీ ఉండవు. కరెంటునే ఊగించి, ఆ ఊగుడును స్పీకరులోంచి శబ్దంగా బయటికి తెస్తారు. ఒక మర తిప్పితే స్వరం లావవుతుంది, ఇంకోటి తిప్పితే సన్నబడుతుంది. మొదట్లో ఇవి గది నిండా పట్టేంత పెద్దవి, కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. 1970లలో కోర్గ్, రోలాండ్ అనే జపాను కంపెనీలు చిన్నవి, చౌకవి చేశాక ఆసుపత్రి పోర్టరు స్నేహితులకూ అందుబాటులోకి వచ్చాయి. ఈ పాటలో వినిపించేవీ ఆ రెండు కంపెనీల పెట్టెలే.

మనకూ ఈ శబ్దం తెలియనిది కాదు. 1980లలో మన సినిమా పాటల్లోకి సింథసైజర్ నడిచి వచ్చింది. 1986లో వచ్చిన ‘సింహాసనం’ పాటలకు బప్పీలహరి ఇచ్చిన హోరు గుర్తుండే ఉంటుంది. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కాకపోతే మన దగ్గర ఆ వాయిద్యం డాన్సు కోసం వచ్చింది. షెఫీల్డ్‌లో మాత్రం ఒక మరణం గురించి చెప్పడానికి పనికొచ్చింది.

బుద్ధుడు నిజంగా ఏమన్నాడు?

పాటలోని సారాంశం ఇదీ: పట్టుపరిశ్రమ ఆపండి అంటూ బుద్ధుడి గొంతు వినబడుతుంది. ఆ చిన్నప్రాణులు మీ పిల్లల్లాంటివే కదా, ఎవరి సోకు కోసం వాటిని బతికుండగా ఉడకబెడుతున్నారు అని నిలదీస్తుంది. రాసినాయనకు మన మతాల గురించి తెలిసింది అంతంతమాత్రం. తూర్పుదేశాల మతాలన్నీ కలగాపులగం చేసి రాశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

అయితే విచిత్రం ఏమిటంటే, చీకట్లో విసిరిన రాయి గురికి దగ్గరగానే తగిలింది. బౌద్ధభిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో పట్టుపురుగుల ప్రస్తావన నిజంగానే ఉంది. ఆళవి అనే ఊళ్లో కొందరు భిక్షువులు పట్టుపనివాళ్ల ఇళ్లకు వెళ్లి, “పురుగుల్ని ఎక్కువగా ఉడకబెట్టండి, మాకూ ఇవ్వండి, పట్టు కలిపిన ఆసనాలు చేయించుకుంటాం” అని అడిగారట. ఆ పనివాళ్లకు ఒళ్లు మండింది. మేం పెళ్లాంబిడ్డల్ని పోషించుకోవడానికి, పొట్టకూటికోసం ఇన్ని ప్రాణాలు తీస్తున్నాం, అదే మా కర్మ అనుకుంటుంటే, సన్యాసులై ఉండి మీరొచ్చి ఇంకా చంపమంటారేమిటి అని వాపోయారు. సంగతి బుద్ధుడిదాకా వెళ్లింది. పట్టు కలిపిన ఆసనం చేయించుకోవడం తప్పని, చేయించుకున్నవాడు దాన్ని వదిలేయాలని ఆయన నియమం పెట్టాడు.

ఇక్కడొక మెలిక గమనించండి. అదే వినయపిటకంలో, భిక్షువులు కట్టదగిన ఆరురకాల బట్టల్లో పట్టు కూడా ఉంది. అంటే, ఎవరైనా భక్తితో ఇచ్చిన పట్టుబట్టను విసిరికొట్టమనలేదు. పనివాళ్లను పని మానేయమనీ అనలేదు. మీకోసం చంపించకండి అన్నాడు, అంతే. పాటలోని బుద్ధుడు ఆపేయమంటాడు. పుస్తకంలోని బుద్ధుడు “నీ పేరు చెప్పి ఎవరు చస్తున్నారో చూసుకో” అన్నట్టుంటాడు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. హుస్సేన్ సాగర్ నడుమ 1992లో నిలబెట్టిన ఆ పెద్ద విగ్రహాన్ని చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆళవి పనివాళ్లే గుర్తొస్తున్నారు.

ఒక చీర, రెండువేల గూళ్లు

మనలో చాలామందికి పట్టు అంటే షాపులో అద్దాల వెనక మొదలవుతుంది. దానికి ముందు కథ చిన్నదే. పట్టుపురుగు గుడ్డులోంచి వచ్చి ఇంచుమించు 4 వారాలు మల్బరీ ఆకు తింటుంది. మధ్యలో 4 సార్లు నిద్రపోయి, పాతచర్మం విడుస్తుంది. చివరికి తిండి మానేసి, రైతులు చంద్రికలనే వెదురు తట్టల్లో వేస్తే, తలను అటూ ఇటూ ఊపుతూ నోట్లోంచి సన్నని దారం తీసి తనచుట్టూ గూడు అల్లుకుంటుంది. రెండు మూడురోజుల పని. ఒక్కో గూడులో ఉండేది తెగని ఒకేఒక్క పోగు, దాని పొడవు రమారమి కిలోమీటరు!

ఆ గూడును అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు పురుగు చిలుకై, గూటి కొసను మెత్తబరిచి, చిల్లుచేసుకుని బయటికొస్తుంది. చిల్లుపడితే పోగు ముక్కలైపోతుంది. పొడవాటి పోగు లేకపోతే ఆ మెరుపూ రాదు, ఆ నునుపూ రాదు. అందుకని చిలుక బయటికి రాకముందే గూళ్లను ఆవిరిలోనో వేడిగాలిలోనో పెడతారు. లోపలి ప్రాణం పోతుంది. తర్వాత వేడినీళ్లలో ఉడికించి, జిగురు వదిలాక, కొస పట్టుకుని దారం లాగుతారు.

లెక్కచూద్దాం. కిలో పట్టుదారం కావాలంటే ఏడు కిలోల గూళ్లు తేలిగ్గా కావాలి. ఒక్కో గూడు రెండు గ్రాముల లోపే తూగుతుంది. అంటే కిలోకు నాలుగువేల గూళ్లు. మామూలు పట్టుచీరలో అరకిలో పట్టు ఉందనుకుంటే, తక్కువలో తక్కువ రెండువేలు. మన బీరువాలో ఉన్న చీరలకు ఈ అంకె పెట్టి ఎవరికివారు గుణించుకోవచ్చు. నేను గుణించుకున్నాను. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

మడికట్టే పట్టు

అసలు మనింట్లో పట్టుకున్న హోదా ఏమిటి? నూలుచీరకు మైల అంటుతుంది, పట్టుకు అంటదంటారు. మా అమ్మమ్మ పూజకు కూర్చోవాలంటే పట్టుచీరే. చీమను కూడా చూసి అడుగేసే మనిషి. ఆవిడకు ఆ పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అత్యంత శుచి అనుకున్న బట్టే అత్యంత హింసతో తయారవుతుందంటే ఎంత విడ్డూరం!

అడిగినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి ఈ కారణంగానే పట్టుచీరలు మానమని ఆడవాళ్లకు చెప్పేవారు. గాంధీజీకీ పట్టు విషయంలో ఇదే అభ్యంతరం ఉండేది. మరి మనం విన్నామా? స్వామివారి పటానికి దండంపెట్టి, కంచికే వెళ్లి పట్టుచీరలు కొనుక్కొచ్చాం. పెద్దలు చెప్పినప్పుడు పట్టని మాట, ఊరూపేరూ తెలియని ఆసుపత్రి పోర్టరు పాడితే మా అక్క కూతురికి పట్టింది. ఏ మాట ఎవరి నోట వింటే మనసుకెక్కుతుందో చెప్పలేం.

హైదరాబాదు జవాబు

ఈ ప్రశ్నకు ఒక జవాబు మన హైదరాబాదులోనే పుట్టింది. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారి పేరు కొందరు వినే ఉంటారు. 1990 ప్రాంతంలో, అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ గారి సతీమణి జానకీ వెంకట్రామన్ గారు, పురుగును చంపకుండా నేసిన పట్టుచీర ఉంటుందా అని అడిగారట. ఆ మాట రాజయ్యగారిని పట్టుకుంది. చిలుకను బయటికి ఎగరనిచ్చి, ఆ తర్వాత మిగిలిన చిల్లుగూటి నుంచి, పత్తిని వడికినట్టుగా దారం వడికించారు. దానికి ‘అహింసా పట్టు’ అని పేరుపెట్టారు, తర్వాత పేటెంటూ తెచ్చుకున్నారు. మామూలు పట్టంత మెరుపు ఉండదు, ముట్టుకుంటే కాస్త నూలులా మెత్తగా ఉంటుంది. దారం తక్కువ దొరుకుతుంది, శ్రమ ఎక్కువ, కాబట్టి ఖరీదూ ఎక్కువే.

ఇంకేం, సమస్య తీరిపోయిందా? అంత తేలిక కాదు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి పెరిగి, మల్బరీ పట్టుచిలుక ఎగరడమే మరిచిపోయింది. బయటికొచ్చినా ఎక్కడికీ పోలేదు, కొద్దిరోజుల్లో రాలిపోతుంది. ఆడచిలుక ఒక్కోటి మూడు నాలుగు వందల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లన్నీ పొదిగితే వచ్చే పురుగులకు ఆకు ఎవరు పెడతారు? అందుకే జీవకారుణ్య సంఘాల్లోనే కొందరు అహింసా పట్టులోనూ హింస ఉందంటారు. కాదనలేం.

మిగతా దారులూ ఉన్నాయి. ఆముదం ఆకు తిని పెరిగే ‘ఎరి’ పురుగు కట్టే గూటికి ఒకవైపు సహజంగానే దారి ఉంటుంది. చిలుక చిల్లుచేయకుండానే బయటికొస్తుంది, ఆ గూటిని ఎలాగూ వడకాల్సిందే. ఆముదం చేలు మన పాలమూరువైపు కొత్తకాదు కదా. గోదావరి ఒడ్డున చెన్నూరు, మహదేవపూర్ వైపు మద్దిచెట్లమీద పెంచే దసలిపట్టు ఉంది, కానీ దాన్ని కూడా మామూలుగా ఉడికించే తీస్తారు. “అడవిపట్టు కాబట్టి పాపం లేదు” అని షాపువాళ్లు చెబితే నమ్మేయకండి. గూడు చిల్లుపడ్డదా, పడనిదా అని అడగండి.

చేతుల మాట

షెఫీల్డ్ పాటలో లేనిది ఒకటుంది. పురుగు ఉంది, దేవుడున్నాడు, తిట్టేవాడున్నాడు. ఆ వేడినీళ్ల దగ్గర కూర్చున్న మనిషి లేదు.

హిందూపురం, మదనపల్లె వైపుగానీ, కన్నడదేశంలో రామనగరంవైపుగానీ చూస్తే, దారం తీసే పనిలో ఎక్కువగా ఆడవాళ్లే కనిపిస్తారు. కొస దొరకాలంటే వేళ్లు వేడినీళ్లలోకి వెళ్లాల్సిందే. చర్మం నాని, ఒలిచి, పుండుపడుతుంది. పిల్లలచేత కూడా ఆ పని చేయించేవారని 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పెద్ద నివేదికే వేసింది. ఇప్పుడు కొన్నిచోట్ల యంత్రాలొచ్చి ఆ బాధ తగ్గింది, అన్నిచోట్లా కాదు.

దారం మగ్గందాకా వచ్చాక ఇంకో ఆడమనిషి చెయ్యి. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలి. మేకుల చుట్టూ పోగును తిప్పుతూ, ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఇటునుంచి అటు ఆడించాలి. భుజాలు పడిపోతాయి. వాళ్లమ్మ లక్ష్మిగారి బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం అంటే పని పోగొట్టేదని మనకో భయం. 1982లో ఇంగ్లండు సంగీతకారుల సంఘంలోనూ సింథసైజర్లను నిషేధించాలని గోలచేసినవాళ్లున్నారు, తమ వాయిద్యాలకు పని ఉండదని. కానీ ఒక యంత్రం ఎవరి నోటిదగ్గరి కూడు లాగుతుందో, ఎవరి భుజం నొప్పి తీరుస్తుందో విడివిడిగా చూడాలి. అన్నింటికీ ఒకే తూకం పనికిరాదు.

ఈ ఆలోచనలన్నీ మూటగట్టుకుని మాదాపూర్ శిల్పారామానికి వెళ్లాను. మా ఇంటికి దగ్గరే. చీరలు పరుచుకుని కూర్చున్న ఒకామెను, పోచంపల్లి దగ్గరి ఊరట, మాటల్లో పెట్టి అడిగాను. “పురుగును చంపి తీస్తారని ఈమధ్య పిల్లలు పట్టు వద్దంటున్నారమ్మా, మీరేమంటారు?”

ఆమె నాకేసి కాసేపు చూసింది. కోపం రాలేదుగానీ, ఇలాంటి మాటలు చాలా విన్నట్టుంది. “మేం పురుగును సంపుతలేమమ్మా, దారం కొనుక్కొచ్చి నేస్తున్నం. నువ్వు పట్టు కొననంటే నేను నూలు నేస్త. నాకేమున్నది? గని నూలుచీరకు కూడ ధర మంచిగియ్యాలె. పట్టు వద్దని పోయి మిల్లుచీర కొనుక్కుంటే పురుగు బతుకుతదేమో, మేమెట్ల బతకాలె?”

రెండున్నరవేల ఏళ్లనాటి ఆళవి పనివాళ్లు మాట్లాడినట్టే అనిపించింది. చంపించుకునేవాళ్లు మీరు, పాపం మాకా అని. నా చేతిలో జవాబు లేదు. ఒక నూలుచీర కొన్నాను. బేరమాడలేదు.

పెళ్లి వచ్చింది

ఇదంతా ఊసుపోక చెప్పుకునే కబుర్లుగా మిగిలిపోయేదే, మా అక్క కూతురికి పెళ్లి కుదరకపోతే. “ముహూర్తానికి నేను పట్టుచీర కట్టను” అని ఆ పిల్ల తేల్చిచెప్పింది. అక్క నెత్తిన పిడుగుపడింది. “పెళ్లికూతురు పట్టు కట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారే? చీర కొనే స్తోమత లేదనుకోరూ? మగపెళ్లివాళ్ల ముందు మీ నాన్నగారి పరువేం కాను?” అని ఏడుపు. “ఇదంతా నీ దగ్గర ఉండబట్టే” అని నాకు దెప్పిపొడుపులు. బావగారు పేపరు అడ్డంపెట్టుకున్నారు.

దారి చూపించింది మా అమ్మ. ఎనభై దాటిన మనిషి. అంతసేపూ విని, “ముహూర్తానికి కట్టేవి మధుపర్కాలు కదుటే? అవి నూలువేగా! ఎర్రంచు తెల్లచీర. మా రోజుల్లో జీలకర్రా బెల్లమూ, తాళీ అన్నీ వాటిమీదే. ఈ పట్టు ఆర్భాటమంతా తర్వాతొచ్చిందే” అంది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మనకున్న ఆచారంలోనే జవాబుంటే, ఫోటోల గొడవలో దాన్ని కాసేపటి ముచ్చటగా చేసేశాం.

ఇక మిగతా తంతులకు అమ్మ తన పెళ్లిచీర పెట్టెలోంచి తీసింది. మడతల దగ్గర కాస్త నలిగింది, జరీ మాత్రం ఇంకా మెరుస్తోంది. “ఇందులో పురుగులు నా పెళ్లికే పోయాయి. నీ పేరున కొత్తగా పోయేదేం లేదు, కట్టుకో” అంది. ఆవిడ వినయపిటకం చదివింది కాదు, ఇంగ్లీషు పాట విన్నదీ కాదు. అయినా మీకోసం చంపించకండి అన్న మాటకు ఇంతకంటే మంచి అర్థం ఎవరు చెబుతారు?

పెట్టుబడి చీరల సంగతి మేం అక్కాచెల్లెళ్లం కూర్చుని తేల్చుకున్నాం. దగ్గరి చుట్టాలకు పట్టు అనుకున్న చోట నారాయణపేట నూలుచీరలు, గద్వాల్ చీరలు తీసుకున్నాం. గద్వాల్‌లో ఒళ్లంతా నూలు, అంచూ కొంగే పట్టు. పూర్తి అహింస కాదు, కానీ రెండువేలు కాస్తా కొన్ని వందలయ్యాయి. మిల్లుచీర ఒక్కటీ లేదు, అన్నీ మగ్గంమీదివే. ఇంతా చేసి, వియ్యపురాలు మాత్రం తనకు ధర్మవరం పట్టే కావాలన్నారు. కొన్నాం. పెళ్లిపందిట్లో ఉపన్యాసాలు ఇవ్వలేం కదా. పెళ్లికూతురు ఆ చీరను తనే తాంబూలంలో పెట్టి అత్తగారికి అందించింది. మొహం చిన్నబుచ్చుకోలేదు. ఒకరి ఇష్టాన్ని మార్చడానికి ఒక పెళ్లి చాలదని ఆ పిల్లకు నాకంటే ముందే అర్థమైంది.

అడగడం అలవాటు చేసుకుందాం

నేను పట్టు మానేయమని ఎవరికీ చెప్పబోవడం లేదు. గూళ్లు పండించి బిడ్డల్ని చదివించుకునే రైతులు అనంతపురం, చిత్తూరు వైపు ఎందరో ఉన్నారు. వాళ్ల పొట్టకొట్టే మాట అనే హక్కు నాకు లేదు. ఒక్కటే చెబుతాను. చీర రంగు, అంచు, ధర అడుగుతాం కదా, దాంతోపాటు ఇంకో రెండు అడుగుదాం. దారం ఎలా తీశారు? నేసినవాళ్లకు ఎంత ముట్టింది? షాపువాడికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు. బీరువాలో ఉన్న పట్టును పదేళ్లు ఎక్కువ కడదాం. అమ్మ చీర కూతురు కట్టడం చిన్నతనం కాదని మనమే ముందు నమ్ముదాం. నలుగురూ ఏమనుకుంటారు అనే ఆ నలుగురిలో మనమూ ఉన్నాం కదా.

ఇంతకీ ఆ పాట ఏమైందో చెప్పలేదు. 1978లో పాట వచ్చినప్పుడు మెచ్చుకున్నవాళ్లు కొందరే. రెండేళ్లకు, 1980లో, వేర్, మార్ష్ ఇద్దరూ బృందం వదిలి వెళ్లిపోయారు. ఓకీ దగ్గర పేరు మిగిలింది, పాటకచేరీల ఒప్పందాలు మిగిలాయి, మనుషులు లేరు. షెఫీల్డ్‌లో ఒక డాన్సు క్లబ్బులో ఆడుతున్న సుజాన్ సల్లీ, జోఆన్ కాథరాల్ అనే ఇద్దరు బడిపిల్లల్ని చూసి రమ్మన్నాడు. అతనికి కావలసింది ఒక్కరే. కానీ ఒంటరిగా పంపడం క్షేమం కాదని, ఒకరికొకరు తోడుగా ఇద్దరూ వెళ్లారు. ఆడపిల్లల తల్లిదండ్రుల భయం ఏ దేశంలోనైనా ఒకటే! ఆ పిల్లలు పాడిన ‘డోంట్ యూ వాంట్ మీ’ 1981 చివర్లో ఇంగ్లండులో మొదటిస్థానానికి వెళ్లింది. “నిన్ను నేనే తయారుచేశాను” అనే మగవాడికి, “నువ్వు లేకపోయినా నేను పైకొచ్చేదాన్నే” అని ఆడపిల్ల జవాబిచ్చే పాట అది. ఇద్దరూ నలభై ఏళ్లు దాటాక కూడా అదే బృందంలో పాడుతున్నారు.

ఆ విజయం చూసి పాత రికార్డును 1982 జనవరిలో మళ్లీ విడుదల చేశారు. ఈసారి పురుగుల పాట ఆరోస్థానందాకా ఎక్కింది. అదే పాట, అదే గొంతు, అదే ఆవిరి చప్పుడు. మారింది వినేవాళ్లే. అంతగా తెలియకుండా రాసిన మాటలు, సగం తప్పులు, అయినా అడిగిన ప్రశ్న మాత్రం నిజమైనది. ప్రశ్నకు వినే చెవి దొరకడానికి అక్కడ నాలుగేళ్లు పట్టింది. మన ఇళ్లలో ఎన్నాళ్లు పడుతుందో, ఈసారి పట్టుచీరల షాపు మెట్లెక్కేటప్పుడు మీరే చెప్పండి.